చిగురు కింది ఎముక గోడు

షుగర్ ఉన్న మనిషి ఏమేం చూపించుకోవాలో రామగుండం జ్యోతినగర్‌లో ఎవరిని అడిగినా చెబుతారు. ఏడాదికోసారి కంటి రెటీనా చూపించుకోవాలి. ఒట్టి కాళ్లతో నడవొద్దు, అరికాలిలో స్పర్శ పోయిందేమో చూసుకోవాలి. కిడ్నీలకు క్రియాటినిన్, గుండెకు ఈసీజీ, మూడు నెలలకోసారి హెచ్‌బీఏ1సీ, అంటే మూడు నెలల సగటు షుగర్. ఎన్టీపీసీ టౌన్‌షిప్‌లో పొద్దున్నే నడకకు వచ్చినవాళ్లు ఈ అంకెలే చెప్పుకుంటారు. గోదావరిఖనిలో, ఎయిటింక్లైన్ కాలనీలో టీ కొట్టు దగ్గర నిలబడ్డా ఇవే మాటలు. "పరగడుపున ఎంతున్నదే?" "నూటనలభై." ఇంత తెలిసిన ఊళ్లో, ఇన్ని పరీక్షలు చేయించుకునే ఊళ్లో, ఒక ఎముక సంగతి మాత్రం ఎవరూ అడగరు. డాక్టరు అడగడు, నర్సు అడగదు, ఇంట్లోవాళ్లు అడగరు. పళ్లను పట్టి నిలబెట్టే ఎముక అది. షుగర్ దాన్ని ఏళ్ల తరబడి తినేస్తుంటే "వయసైంది, పళ్లు కదులుతయి మరి" అని సరిపెట్టుకుంటున్నాం.

ఈ సరిపెట్టుకోవడం మీదే నా కోపం.

పై దవడలోనూ కింది దవడలోనూ పంటి వేళ్ల చుట్టూ ఉండే ఎముక మిగతా ఎముకల లాంటిది కాదు. పన్ను మొలిచేటప్పుడు దానితోపాటే పెరుగుతుంది, పన్ను ఉన్నంతకాలమే నిలుస్తుంది. పన్ను పీకేశాక ఇక దానికి పని ఉండదు కనుక తరిగిపోతుంది. మొదటి ఏడాదిలోనే ఆ చోట వెడల్పులో దాదాపు సగం పోతుంది, అందులోనూ ఎక్కువ భాగం మొదటి మూడు నెలల్లోనే. వేరుకూ ఎముకకూ మధ్య మిల్లీమీటరులో అయిదో వంతు మందాన నార పొర ఒకటి ఉంటుంది. జొన్నరొట్టె తిన్నా, మక్కగుడాలు నమిలినా, సంక్రాంతికి సకినం కొరికినా ఆ బరువంతా ఆ పొర మీదుగా ఎముకకు దిగుతుంది. రోజూ ఇంత మోత మోస్తుంది కాబట్టే ఈ ఎముక మిగతావాటి కంటే వేగంగా తనను తాను తవ్వుకుంటూ, మళ్లీ కట్టుకుంటూ ఉంటుంది. తవ్వేందుకు కొన్ని కణాలు, కట్టేందుకు కొన్ని కణాలు. రెండు పనులూ సరిసమానంగా సాగినంతకాలం పన్ను కదలదు.

షుగర్ దెబ్బ కొట్టేది సరిగ్గా ఇక్కడే. రక్తంలో చక్కెర చాలాకాలం ఎక్కువగా ఉంటే అది ఒంట్లోని మాంసకృత్తులకు అంటుకుని వాటిని గట్టిపరిచి పాడుచేస్తుంది. అలా పాడైన పదార్థాలు చిగురులోనూ పేరుకుంటాయి. వాటిని తాకిన ప్రతిచోటా రక్షణ కణాలు రెచ్చిపోయి వాపు రగిలిస్తాయి. పంటి గారలో ఉన్న సూక్ష్మజీవులతో అప్పటికే ఒక పోరు నడుస్తూ ఉంటుంది. షుగర్ లేని మనిషిలో ఆ పోరు కొంత దూరం వెళ్లి ఆగుతుంది. షుగర్ అదుపులో లేని మనిషిలో ఆగదు. ఎముకను తవ్వే కణాలను పనిలోకి పిలిచే సంకేతాలు ఎక్కువవుతాయి. కట్టే కణాలేమో వేళకు ముందే చనిపోతాయి. తవ్వకం ముగిశాక పూడ్చేవాళ్లు లేక ఆ గుంట అలాగే ఉండిపోతుంది. పైగా షుగర్ మనిషికి నోరు ఎండిపోతుంది. మే నెలలో రామగుండం ఎండ ఎలా ఉంటుందో ఇక్కడి వాళ్లకు చెప్పనక్కరలేదు. లాలాజలం తగ్గిన నోటిలో గార పట్టడం ఇంకా సులువు.

ఇదంతా నొప్పి లేకుండా జరుగుతుంది. ఈ ఎముకకు జరిగే అన్యాయానికి మూలం అదేనని నాకనిపిస్తుంది. పిప్పి పన్ను రాత్రంతా నిద్ర పోనివ్వదు కాబట్టి తెల్లారేసరికి దాన్ని పట్టించుకుంటాం. చిగురు కింది ఎముక కరుగుతుంటే పళ్లు తోమేటప్పుడు కాస్త రక్తం, పొద్దున దిండు మీద చిన్న మరక, నోటి నుంచి వాసన, పంటికీ పంటికీ మధ్య ఇదివరకు లేని సందు. అంతే. ఎక్స్‌రేలో చూస్తే మాత్రం ఎముక అంచు వేరు మీద సగం దాకా దిగిపోయి ఉంటుంది.

మన బొగ్గుబాయి మనుషులకు ఈ సంగతి ఇంకోలా చెప్పవచ్చు. భూగర్భ గనిలో పని మొదలయ్యే ముందు మైనింగ్ సర్దార్ కర్రతో పైకప్పును తట్టి చప్పుడు వింటాడు. గట్టి చప్పుడైతే సరే. డొల్ల చప్పుడు వస్తే, చూడటానికి రాయి ఎంత నిబ్బరంగా కనిపించినా, కింద మనిషిని నిలబడనివ్వడు. నోటిలో ఆ కర్ర పని చేసే సాధనం ఒకటుంది. మిల్లీమీటర్ల గీతలున్న సన్నని కడ్డీ, ప్రోబ్ అంటారు. పంటికీ చిగురుకూ మధ్య దాన్ని మెల్లగా దించితే ఆరోగ్యంగా ఉన్నచోట మూడు మిల్లీమీటర్లకు మించి దిగదు. అయిదో ఆరో దిగితే, దిగినచోట రక్తం కనిపిస్తే, అక్కడ లోపల పాడవుతోందని అర్థం. నోరంతా చూడటానికి పెద్ద యంత్రమేమీ అక్కరలేదు. ఆ కడ్డీ, ఓ దీపం, ఓపికున్న చెయ్యి చాలు.

షుగర్ పంటి ఎముకను తింటుందన్నది నిన్న మొన్న తెలిసిన విషయమూ కాదు. అమెరికాలోని అరిజోనాలో గిలా నది ఒడ్డున ఉండే పిమా ఆదివాసుల్లో షుగర్ చాలా ఎక్కువ. వాళ్ల మధ్య ఏళ్ల తరబడి జరిగిన పరిశీలన 1990లో అచ్చయింది. షుగర్ ఉన్నవాళ్లకు పంటి ఎముక జబ్బు కొత్తగా రావడం, లేనివాళ్ల కంటే రెండున్నర రెట్లు ఎక్కువని తేలింది. హారల్డ్ లో అనే నార్వే దంతవైద్యుడు 1993లో దీన్ని షుగర్ తెచ్చే ఆరో ఉపద్రవమని పేరు పెట్టి మరీ రాశాడు. కళ్లు, కిడ్నీలు, నరాలు, పెద్ద రక్తనాళాలు, మానని పుండ్లు, వాటి పక్కన ఇది. శ్రీలంక తేయాకు తోటల కూలీల నోళ్లను ఏళ్ల తరబడి గమనించి, వైద్యమే అందని మనుషుల్లో పంటి ఎముక ఎలా పోతుందో లోకానికి చూపించినవాడూ ఆయనే. 2009లో అంతర్జాతీయ డయాబెటిస్ సమాఖ్య, షుగర్ రోగి నోటి ఆరోగ్యం గురించి ఏడాదికోసారైనా అడగాలని మార్గదర్శకాలే విడుదల చేసింది. ఆరో ఉపద్రవమని పేరు పడి మూడు దశాబ్దాలు దాటింది. మొదటి అయిదింటికీ మన దగ్గర శిబిరాలు పెడతారు, బ్యానర్లు కడతారు. ఆరోదానికి ఒక కుర్చీ కూడా వేయరు. ఇదేం లెక్క?

మా బాపు బాయిలో పనిచేసి దిగిపోయిన మనిషి. షుగర్ ఉందని తెలిసిన రోజు నుంచి మందు ఏనాడూ మానలేదు. నెలనెలా చూపించుకునేవాడు. ముందు పళ్ల మధ్య సందులు పడుతున్నాయని మొదట గమనించింది అమ్మ. "ఏందయ్యా, నవ్వితే వేరే మనిషి లెక్క కొడుతున్నవ్" అంది. ఆయన వినలేదు. "పన్నే గదా, పోతే పోనీ. కాలు పోలే, కన్ను పోలే" అన్నాడు. చూపించుకునే చోట ఒకసారి నేనే చిగుళ్ల సంగతి ఎత్తితే, "అది పళ్ల డాక్టరుకు చూపించుకోండి" అన్న ఒక్క మాటతో సరి. ఆ మాట కాగితం మీదికి ఎక్కలేదు, ఫలానా చోటికి వెళ్లమని చీటీ లేదు. పళ్ల డాక్టరు దగ్గరికి వెళితే కదిలే పన్నును పీకారు తప్ప మూడు నెలల షుగర్ ఎంతుందని ఎవరూ అడగలేదు. ఒకరు షుగర్‌ను చూశారు, ఒకరు పన్నును చూశారు. నడుమ ఉన్న ఎముకను చూసినవాళ్లు లేరు. ఒకటి తర్వాత ఒకటి పళ్లన్నీ అలా పోయాయి.

పోయాక తెలిసింది దాని విలువ. కట్టుడు పళ్లు పెట్టించాం. పైవి కొంతవరకు నిలిచాయి, కిందివి నిలవలేదు. పళ్లు పోయిన కింది దవడలో ఎముక పై దవడలో కంటే సుమారు నాలుగు రెట్లు వేగంగా అరిగిపోతుందని తర్వాత తెలుసుకున్నాను. ఆనుకోవడానికి గట్టు ఉండాలి కదా. గట్టు లేనిచోట ఎంత మంచి సెట్టయినా నాలుక కదిలితే లేస్తుంది, మాట్లాడితే జారుతుంది. బాపు వాటిని డబ్బాలో పెట్టి మూతేశాడు. ఇంప్లాంట్ల గురించి అడిగాం. షుగర్ అదుపులో ఉన్నవాళ్లకు ఇంప్లాంట్లు బాగానే నిలుస్తాయి, ఆ భయం అక్కరలేదు. కానీ స్క్రూ బిగించడానికీ ఎముకే కావాలి. లేనిచోట ముందు ఎముక పొడి వేసి పెంచాలి, అది పింఛను మనిషి తూగగలిగే ఖర్చు కాదు.

ఇక తిండి. అసలు నష్టం అక్కడుంది, ఎవరూ లెక్కగట్టనిదీ అదే. నమలలేని మనిషి మొదట మానేది సరిగ్గా షుగర్‌కు మంచివనుకునేవాటినే. జొన్నరొట్టె పోయింది. గోరుచిక్కుడు, బీరకాయ తొక్కుతో చేసిన కూరలు, పచ్చి దోసకాయ, జామకాయ, పల్లీలు, మాంసం అన్నీ పోయాయి. మిగిలినవి ఏమిటి? మెత్తగా పిసికిన అన్నం, చాయ్‌లో ముంచిన బన్ను, బిస్కెట్, అరటిపండు. సకినాలు కూడా చాయ్‌లో నానబెట్టుకునే తినేవాడు. అన్నం తగ్గించుకోమని చీటీ మీద రాసినవాళ్లు, మరి ఏం నమిలి కడుపు నింపుకోవాలో రాయలేదు. పంటి ఎముకను షుగర్ తినేసింది, పళ్లు పోయాక తిండి మారి షుగర్ మళ్లీ పెరిగింది. ఇలాంటి ఇళ్లు ఈ చుట్టుపక్కల ఎన్ని ఉన్నాయో, ఏ ఇంట్లో పెద్దమనిషి కంచం దగ్గర కూర్చుని చూసినా తెలుస్తుంది.

"క్లీనింగ్ చేయిస్తే పళ్లు వదులవుతయి" అన్న మాట మన దగ్గర ఎంత బలంగా ఉందంటే, చదువుకున్న ఇంజినీర్లు కూడా నమ్ముతారు. దీన్ని మాత్రం గట్టిగా ఖండించాలి. గార తీసేశాక పన్ను కదిలినట్టు అనిపిస్తే అది క్లీనింగ్ చేసిన పాపం కాదు. ఎముక అప్పటికే పోయింది. పళ్ల మధ్య గట్టిపడిన గార వాటిని అతికించి ఉంచడం వల్ల ఆ సంగతి బయటపడలేదు. వాపు తగ్గాక చిగురు బిగుసుకుంటుంది, పన్ను కూడా చాలాసార్లు కొంత కుదురుకుంటుంది. షుగర్ ఉంటే పళ్ల వైద్యం చేయకూడదనేదీ ఇలాంటిదే. అదుపులో ఉంటే చేయవచ్చు, చేయాలి కూడా. పోయిన ఎముక క్లీనింగ్‌తో తిరిగి రాదు, నిజమే. కొన్ని రకాల గుంటల్లో ఆపరేషన్ చేసి కొంత పూడ్చగలరు, అంతవరకే. అందుకే ఉన్నది నిలబెట్టుకోవడం తప్ప గతి లేదు. అది పోకముందే చూడాలని ఇంతగా మొత్తుకోవడం కూడా అందుకే.

ఇంకో సంగతి ఉంది. ఇది తెలిశాక నాకు నిద్ర పట్టలేదు. షుగర్ ఎముకను పాడుచేస్తుందన్నది సగం కథ. చిగురు కింద చీముతో రగిలే వాపు రక్తంలోకి పాకి ఇన్సులిన్‌ను సరిగా పనిచేయనివ్వదు, అంటే షుగర్‌ను పెంచుతుంది. మరి ఆ వాపును తగ్గిస్తే? ప్రపంచంలో జరిగిన ప్రయోగాలన్నీ కూడగట్టి చూసే కోక్రేన్ సమీక్ష 2022లో దీనికి జవాబిచ్చింది. పంటి వేళ్ల మీది గారను లోతుగా శుభ్రం చేయించుకున్న షుగర్ రోగుల్లో మూడు నాలుగు నెలలకు హెచ్‌బీఏ1సీ సగటున 0.43 శాతం తగ్గింది. ఎనిమిది ఉన్నది ఏడున్నర దరిదాపుల్లోకి రావడం చిన్న సంగతా? కన్ను చూపించుకుంటే కన్ను దక్కుతుంది, కాలు చూపించుకుంటే కాలు దక్కుతుంది. నోటికి వైద్యం చేస్తే పన్ను దక్కడమే కాదు, మొత్తం షుగరే కాస్త దిగుతుంది. చేసిన వైద్యానికి ఇంత బదులిచ్చే అవయవాన్ని వెనక బెంచీలో కూర్చోబెట్టాం.

తెలుగువాళ్లమై ఈ ఎముకను పట్టించుకోకపోవడం మరీ అన్యాయం. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలల్లో పరిశోధనలకు నాయకత్వం వహిస్తున్నప్పుడే ఆరియోమైసిన్ బయటపడింది. టెట్రాసైక్లిన్ మందుల కుటుంబంలో మొదటిది అది. లోకానికి దాన్ని పరిచయం చేసిన 1948లోనే ఆయన కన్నుమూశాడు. సరిగ్గా 35 ఏళ్లకు, 1983లో, లోర్న్ గోలబ్ అనే శాస్త్రవేత్త షుగర్ తెప్పించిన ఎలుకల చిగుళ్లను పరీక్షించాడు. వాటిలో కొల్లాజెన్‌ను కోసేసే ఎంజైము విపరీతంగా పెరిగింది. టెట్రాసైక్లిన్ కుటుంబానికే చెందిన మందు ఇస్తే ఆ ఎంజైము అణిగింది. క్రిములే లేకుండా పెంచిన ఎలుకల్లోనూ అణిగింది. అంటే క్రిమిని చంపడంతో సంబంధం లేకుండా, కండనూ ఎముకనూ పట్టి ఉంచే నారను ఆ మందు కాపాడుతోందన్నమాట. ఆ దారిలోనే 20 మిల్లీగ్రాముల డాక్సీసైక్లిన్‌ను చిగుళ్ల జబ్బుకు మందుగా 1998లో అమెరికా ఆమోదించింది. దంతవైద్యుడు చూసి ఇవ్వాల్సిన మందు అది, మెడికల్ షాపులో అడిగి కొనుక్కునేది కాదు. కానీ మొదలు ఎవరి నీడలో పడిందో చూడండి. బతికుండగా సుబ్బారావును మనం గుర్తించలేదు. షుగర్ ఎలుక చిగుళ్ల నుంచి వచ్చిన ఆ జ్ఞానం షుగర్ మనుషుల చిగుళ్ల దాకా ఈ ఊరికి ఇంకా రానేలేదు.

ఈ ఊరు అడగరానిదేమీ అడగడం లేదు. 1983 నుంచి ఇక్కడి ఎన్టీపీసీ చిమ్నీల కింద తయారైన కరెంటు దక్షిణాది రాష్ట్రాలన్నిటికీ పోయింది. దానికి బొగ్గు తవ్వి పంపిన వాళ్లు పక్కనే ఉన్నారు. బాయిలోకి అగ్గిపెట్టె, బీడీ తీసుకుపోవడం నేరం. పేలుడు ప్రమాదం కనుక అది సరైన నిబంధనే. అయితే ఆ ఎనిమిది గంటలూ గడవడానికి ఎంతోమంది తంబాకు దవడలో పెట్టుకున్నారు. పెట్టుకున్నచోట చిగురు జారింది. షుగర్ తర్వాత వచ్చి మిగతా పని పూర్తిచేసింది. గని కార్మికుడికి అయిదేళ్లకు మించకుండా వైద్య పరీక్ష జరపాలని 1955 నాటి గనుల నియమావళిలోనే ఉంది. దుమ్ము చేరుతుందని ఛాతీ ఎక్స్‌రే తీస్తారు, మోతకు చెవులు పోతాయని వినికిడి చూస్తారు. అదే వరసలో నోరు తెరిపించి కడ్డీ దించడానికి ఎంతసేపు పడుతుంది?

ఇంటింటికీ వచ్చే ఆశా కార్యకర్తలు 30 ఏళ్లు దాటినవాళ్లందరికీ బీపీ, షుగర్ లెక్క రాస్తారు. నోరు తెరవడం కష్టమవుతోందా, మానని పుండు ఉందా అని కూడా అడుగుతారు, క్యాన్సర్ అనుమానం కోసం. అంటే నోటి దాకా వచ్చేశారు. ఆ ప్రశ్న పక్కనే "చిగుళ్లలో రక్తం వస్తోందా, పన్ను కదులుతోందా" అని ఒక్కటి చేర్చితే చాలు. షుగర్ ఉన్న మనిషి అవునంటే పళ్ల డాక్టరుకు చీటీ రాసివ్వాలి. 2022లో రామగుండానికి మెడికల్ కాలేజీ వచ్చింది. అక్కడ చదువుకునే పిల్లలకు షుగర్ వార్డులో రోగి అరికాలితోపాటు చిగురు చూడటం నేర్పితే, వాళ్లు రేపు ఏ ఊళ్లో డాక్టర్లైనా ఆ అలవాటు వెంట పోతుంది. ఇప్పుడైతే ప్రభుత్వ దంత వైద్య కళాశాల కావాలంటే రాజీవ్ రహదారి మీద బస్సెక్కి హైదరాబాద్ అఫ్జల్‌గంజ్ దాకా పోవాలి. కదిలే పన్ను కోసం అంత దూరం పోయే షుగర్ ముసలాయన ఎవరున్నారు?

దంతవైద్యులకూ ఒక మాట. కదిలే పన్ను మీద పట్టకారు వేసే ముందు మూడు నెలల షుగర్ కాగితం అడగండి. అది ఏడు శాతమో, అంతకు మించో ఉంటే ఎముక త్వరగా పోయే తరగతిలో రోగిని చేర్చాలని 2018లో అచ్చయిన మీ సొంత వర్గీకరణే చెబుతోంది. షుగర్ డాక్టర్లకు ఇంకో మాట. మందు మార్చినా, తిండి తగ్గించినా అంకె దిగడం లేదంటే రోగిని తిట్టే ముందు నోరు తెరవమనండి.

నెలనెలా రోగి చేతిలో పెట్టే షుగర్ కార్డు మీద కన్ను, కాలు, కిడ్నీ అని గళ్లు ఉంటాయి. వాటి పక్కన ఇంకో గడి గీయండి. చిగురు అని రాయండి. అందులో నింపాల్సినవి రెండే వివరాలు, కడ్డీ దించితే రక్తం వచ్చిందా లేదా, ఏ పంటి దగ్గర ఎన్ని మిల్లీమీటర్లు దిగింది. ఈ నెల శిబిరం నుంచే మొదలుపెట్టండి.